మెదడునందలి చమురు

(చోడవరమున జరిగిన మన తెలికుల వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



ప్రతి సంవత్సరమును మన మహాసభయందు విద్యనుగూర్చియు, వ్యాపారమునుగూర్చియు, వివాహవ్యయముల తగ్గింపునుగూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. ఈ యేట శాస్త్రవిషయ మేదైన నొకటి మనవారికి తెలియునట్లు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏమి చెప్పవలెనని యాలోచింపగా, మన కులవృత్తికిని మన యిండ్లలోని వృద్ధుల క్షేమమునకును గూడ సంబంధించిన విషయ మొకటి మాకు తోచినది. అది మెదడునందలి చమురు.

విఘ్నేశ్వరుడు స్వయంభువుగా వెలసిన ఈ చోడవరము చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలనుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను భూమి మారలేదు; చెరకు మారలేదు. ఇచ్చటివారికి గానుగ యనగా చెరకుగానుగ ముందు స్ఫురించును. మనకు నూనెగానుగ స్ఫురించును. ఏ గింజనుండి యెంత నూనె దిగునో, ఏ నూనె దీపమునకు, ఏది వంటకు, ఏది తలకు తగునో మన తాతలకు తెలిసినట్లు మరియొకరికి తెలియదు. అట్టి మనకు మన తలలోపల నున్న చమురునుగూర్చి తెలియకపోవుట వింత గదా! నీటిని తీసివేసి తూచినచో మెదడు బరువులో సుమారు సగము కొవ్వుజాతి పదార్థములే. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే యున్న మెదడు, శరీరమునందలి మొత్తము కొలెస్టరాలులో నాలుగవ వంతునకు సమీపమైన భాగమును తనయొద్దనే యుంచుకొన్నది.

ఈ విషయమునందు మాకు శ్రద్ధ కలుగుటకు కారణ మొకటి కలదు. మా పెదనాన్నగారు నలువదేండ్లు గానుగ నడపినవారు. నువ్వులు గుప్పిట బిగించి చూచి తేమ యెంత యున్నదో చెప్పగలవారు. డెబ్బదియవ యేట వారికి మరపు మొదలైనది. మొదట బాకీల లెక్కలు మరచిరి, పిమ్మట ఇంటిదారి మరచిరి, తుదకు మా పెద్దమ్మను చూచి, "ఈమె యే యూరి మనిషి?" అని యడిగిరి. ఇంటివారము సిగ్గుపడి వారిని లోపలిగదిలో నుంచి, పెండ్లిండ్లకును పండుగలకును తీసికొనిపోవుట మానితిమి. అంతలో నొకడు వచ్చి జ్ఞాపకశక్తి నిచ్చు తైలమని చెప్పి సీసాలు విక్రయించెను. రెండేండ్లు దానిని కొంటిమి. ఒకనాడు పెదనాన్నగారు, కన్నబిడ్డల పేళ్లు తెలియని ఆ స్థితిలోనే, సీసామూత వాసన చూచి, "ఇది మన నువ్వులనూనెయే గదరా!" అనిరి. రంగు వేసి, సుగంధము కలిపి, మన నూనెనే మాకు పదింతల వెలకు అమ్మినాడు! ఆ మాట మేము నేటికిని మరువలేదు. ఆ తైలమునకు వెచ్చించిన ధనముతో వారికి వినికిడి యంత్రమును, చక్కెరవ్యాధికి మంచి మందులును కొనియుండవచ్చును. అప్పుడు మాకు తెలియలేదు. పిమ్మట చదివి తెలిసికొన్నదానిని నేడు మీ యెదుట నుంచుచున్నాము.

మొదట చమురు స్వభావమును చూతము. నూనెయు నీరును కలియవని గానుగయింటి పసిబిడ్డకును తెలియును. కాని శరీరమునందు ఫాస్ఫోలిపిడ్డు లను జాతి కొవ్వు లున్నవి. వీనిలో ప్రతి యణువునకు భాస్వరముతో గూడిన తల యొకటియు, నూనె స్వభావముగల తోకలు రెండును ఉండును. తల నీటిని కోరును. తోకలు నీటికి వెఱచును. అందుచేత నవి నీటిలో పడినతోడనే తోకలను తోకలకు చేర్చి, తలలను బయటికి త్రిప్పి, రెండు వరుసలుగా నిలిచి పలుచని పొర యగును. ప్రతి జీవకణమునకును ఈ రెండువరుసల పొరయే గోడ. ఎఱ్ఱ రక్తకణముల గోడ యిట్లు రెండు వరుసలని హాలండు దేశస్థులైన గోర్టర్, గ్రెండెల్ అను నిరువురు 1925లో తేల్చిరి.

అదే 1925వ సంవత్సరమున మన తెలుగువా డొకరు ఈ శాస్త్రమునకు గొప్ప సాధనము నిచ్చెను. 1895లో భీమవరమున పుట్టి, 1923లో అమెరికాకు పోయిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డునందు ఫిస్కెగారితో కలిసి, ద్రవములో భాస్వర మెంత యున్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఫాస్ఫోలిపిడ్డు తలయందు భాస్వర ముండును గనుక, భాస్వరమును కొలిచినచో కొవ్వు లెక్క తెలియును. 1959లో బార్ట్‌లెట్ అను శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతినే కొంత సవరించి కొవ్వుల లెక్కకు తగినట్లు చేసెను. పొరల కొవ్వును లెక్కించు ప్రయోగశాలలలో ఆ నీలిరంగు నేటికిని కనబడును. తూకము సరిగా లేనిదే నూనె వ్యాపారము నిలువదు, శాస్త్రమును అంతియే.

ఇక మెదడులోనికి పోదము. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణము లున్నవి. ఒక కణము మరియొకదానితో మాటాడు చోటును నాడీసంధి యందుము. దీనికే సినాప్సు అను పేరు 1897లో షెరింగ్‌టన్ పండితుని వలన వాడుకలోనికి వచ్చినది. అచ్చట రెండు కణములు తాకవు. నడుమ మిల్లీమీటరులో యేబదివేలవవంతు ఎడ ముండును. ఈవలి కణము కొనయందు వందలకొలది చిరుతిత్తు లున్నవి. పూర్వము మనవారు నూనె మోయుటకు తోలుసిద్దెలు వాడిరి గదా! ఇవి యట్టి సిద్దెలే. కాని యిచ్చట సిద్దెతోలే చమురు, లోపల నున్నది వార్తను మోయు రసము. 2006లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు ఒక్క తిత్తిని లెక్కించి, దాని పొరయందు సుమారు 7,000 ఫాస్ఫోలిపిడ్డు అణువులును, 5,000లకు పైగా కొలెస్టరాలు అణువులును ఉన్నవని చెప్పిరి.

వార్త వచ్చినతోడనే తిత్తి పోయి కణపుగోడకు తాకును. చమురుపొర చమురుపొరతో కలిసిపోవును. రసము బయటపడి ఆవలి కణమును చేరును. మన మొక మాట వినుట, ఒక ముఖమును గుర్తించుట ఇట్టి వేలకొలది సంఘటనలచే జరుగును. అయితే తిత్తి గోడలో కలిసిపోయిన పిమ్మట దాని నట్లే వదలినచో కణపుగోడ ఉబ్బిపోవును, తిత్తులు తరిగిపోవును. కావున పొరను మరల లోపలికి లాగి క్రొత్త తిత్తి చేయవలెను. ఎచ్చట లాగవలెనో చూపుటకు ఇనోసిటాలు అను పదార్థము గల యొక కొవ్వు ముద్ర వేసినట్లు గుర్తుగా నిలుచును. తిత్తి తయారైన తరువాత ఆ ముద్రను చెరపుటకు సినాప్టోజానిన్ అను ప్రోటీనొకటి కలదు. ముద్ర పడకున్నను పని సాగదు. పడిన ముద్ర చెరగకున్నను పని సాగదు. ఈ ప్రోటీను చెడిన కుటుంబములలో చిన్నవయసుననే పార్కిన్సను వ్యాధిని పోలిన వణకు వచ్చుచున్నదని 2013లో కనుగొనిరి. కావున కొవ్వు కేవలము గోడకు సున్నము కాదు. పని నడపు సైగ కూడ నగును.

ఇక మా ముఖ్యవిషయము. చర్మమునందలి కణములు చచ్చుచుండును, క్రొత్తవి పుట్టుచుండును. నాడీకణము లట్లు కావు. పుట్టినప్పటి నాడీకణములలో పెక్కులు ఎనుబదేండ్ల వృద్ధునియందును అవియే. కాని కణము అదియే యైనను దాని పొరలోని యణువులు అవియే కావు. మన పల్లెలలోని తాటాకుటిల్లు చూడుడు. తాత కట్టిన యిల్లే యందుము. కాని తాటాకు మాటిమాటికి మారుచునే యున్నది. మార్చుట మానిన యిల్లు రెండు వానకాలములకు మించి నిలువదు. నాడీసంధియు నట్టిదే. అది కట్టి విడిచినది కాదు. దినదినమును నేయబడుచున్న కప్పు. జ్ఞాపకము నిలుచుట యనగా ఈ మరమ్మతు ఆగకుండుటయే.

ఈ మరమ్మతునకు సరకు నెవ్వ రిత్తురు? మెదడునకును రక్తమునకును నడుమ గట్టి కట్ట యున్నది. మనము తినిన నెయ్యిలోని కొలెస్టరాలు ఆ కట్టను దాటి పోజాలదు. మెదడు తనకు కావలసినదానిని తానే చేసికొనవలెను. అందును పెద్దవయసు వచ్చిన నాడీకణము ఆ శ్రమను చాలవరకు పొరుగువారిపై వేయును. నక్షత్రాకారముగల సహాయకణము లున్నవి. అవి కొలెస్టరాలును వండి, అపొలిపోప్రోటీన్-ఇ అను బండిపై నెక్కించి నాడీకణమునకు పంపును. ఒంటరిగా పెంచిన నాడీకణములు సంధులను సరిగా కట్టలేకపోగా, సహాయకణములిచ్చు కొలెస్టరాలు నందించినచో సంధులు మిక్కిలి వృద్ధిపొందెనని ఫ్రీగర్ మొదలగువారు 2001లో చూపిరి. చదువుకొన్న బిడ్డ వెనుక గానుగ త్రిప్పిన తండ్రి యున్నట్లు, ప్రతి నాడీకణము వెనుకను పేరు లేని పొరుగుకణ మొకటి శ్రమించుచున్నది.

మన హైదరాబాదునందే దీనికి దగ్గరి పరిశోధన జరిగినది. 1977లో స్థాపింపబడిన సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ యను సంస్థయందు అమితాభ ఛటోపాధ్యాయగారును వారి శిష్యులును, పశువుల మెదడులో జ్ఞాపకమునకు సంబంధించిన హిప్పోకాంపసు భాగపు పొరలను తీసి, వానినుండి కొలెస్టరాలును కొలతగా తొలగించి చూచిరి. సెరటోనిన్ అను వార్తారసమును పట్టుకొనవలసిన గ్రాహకము, కొలెస్టరాలు తగ్గినకొలది పట్టు తప్పెను. మరల కొలెస్టరాలు నిచ్చినప్పుడు పట్టు మరల వచ్చెను. ఈ ఫలితములు 2004లో వెలువడినవి. తలుపు మంచిదైనను ద్వారబంధము వదులైనచో గడియ పడదు గదా; పొరలోని చమురు ఆ ద్వారబంధము వంటిది.

సరకు తెచ్చుట యెంత ముఖ్యమో చెత్త తీయుటయు నంత ముఖ్యము. మెదడులో మిగిలిన కొలెస్టరాలు రూపము కొంత మార్చుకొని దినమునకు సుమారు ఆరేడు మిల్లీగ్రాములు బయటికి పోవును. గట్టిగా పనిచేయుచున్న నాడీకణములలో చెడి కారుపోయిన కొవ్వు పుట్టును. నిలువనూనె మక్కిపోయినట్లే యిదియు ప్రాణవాయువు సోకి చెడుట. ఆ చెడు కొవ్వును నాడీకణము పొరుగు నక్షత్రకణమునకు తరలించును. అది దానిని చుక్కలుగా దాచి కాల్చివేయునని 2019లో తేలినది. ఈ రాకపోకలు చెడినచో నేమగునో ప్రకృతియే చూపుచున్నది. నీమన్-పిక్ సి అను అరుదైన వ్యాధియందు కొలెస్టరాలు కణములోని చెత్తసంచులలో చిక్కుకొని కదలదు. పిల్లలు నేర్చిన నడకయు మాటయు కోల్పోవుదురు. దాని జన్యువు 1997లో దొరకినది.

ఇక మరపువ్యాధి మాట. జర్మనీ వైద్యుడు ఆల్జ్‌హైమర్ 1906లో ఈ రోగమును మొదట వర్ణించినప్పుడే, సహాయకణములలో కొవ్వు పేరుకొనుటను గూడ గుర్తించెను. ఆ మాట చాల కాలము మరుగున పడినది. 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు, మేము పైన చెప్పిన కొలెస్టరాలు బండి యున్నదే, దానిలో ఇ-4 అను రకము పుట్టుకతో వచ్చినవారికి ఈ వ్యాధి యెక్కువగా వచ్చునని చూపిరి. ఆ రకమున్న ప్రతివానికిని వ్యాధి రాదు. లేనివారికి రాకుండను పోదు. కాని చమురు రవాణాకును మరపునకును సంబంధము కలదని దానితో స్పష్టమైనది. ఇది దయ్యము కాదు, దృష్టిదోషము కాదు, పూర్వజన్మపాపము కాదు. కాలు విరిగినవానిని చూచి మనము సిగ్గుపడము. సంధులు సడలినవానిని చూచి యేల సిగ్గుపడవలెను?

ఇప్పుడు మీలో ననేకుల మనస్సున నున్న ప్రశ్నకు వత్తుము. "అయ్యా, అట్లయిన మంచి నూనె తినినచో మెదడు బాగుపడునా?" దీనికి నిజము నిజముగా చెప్పవలెను. నాడీసంధి పొరలకు మృదుత్వ మిచ్చు డి.హెచ్.ఎ. అను కొవ్వు ఆమ్ల మొకటి కలదు. అది ఆహారమునుండి రావలసినదే. మన సముద్రతీరపు కవళ్లు, కానాగంతలు అను చేపలలో నది యున్నది. అవిసెగింజల నూనెలో దాని మూలపదార్థము సమృద్ధిగా నున్నను, శరీరము దానిని డి.హెచ్.ఎ.గా మార్చుకొనునది స్వల్పము. మన నువ్వులనూనెలో నది లేదు. నువ్వులనూనె గుణములు వేరు. డి.హెచ్.ఎ. మెదడు కట్టను దాటుటకు ప్రత్యేకమైన ద్వార మున్నదని 2014లో కనుగొనిరి. కాని వ్యాధి వచ్చిన పిమ్మట దానిని మందుగా నిచ్చినచో? అమెరికాలో 402 మంది రోగులకు 18 నెలలు పరీక్షించి 2010లో ప్రకటించిరి: ఇచ్చినవారికిని, ఉత్తమాత్ర లిచ్చినవారికిని మరపు ఒకే వేగమున పెరిగెను. ఇల్లు కూలుచున్నప్పుడు వాకిట తాటాకు మోపులు దింపినంతమాత్రమున కప్పు నిలువదు. నేయు చేతులు గూడ నుండవలెను.

మరియొక సందేహము. "మెదడునకు కొలెస్టరాలు కావలసియుండగా, వైద్యులు దానిని తగ్గించు మాత్ర లేల యిత్తురు?" అని. మెదడు కొలెస్టరాలు వేరు, రక్తములోని కొలెస్టరాలు వేరు. నడుమ కట్ట యున్నదని చెప్పియున్నాము. రక్తములో చెడ్డ కొలెస్టరాలు నడివయసున హెచ్చుగా నున్నచో తరువాత మరపువ్యాధికి దారితీయునని 2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణులసంఘము తేల్చినది. కావున ఈ యుపన్యాసము విని యెవ్వరును మాత్రలు మానరాదు. మేము వైద్యులము కాము. మానుట, మార్చుట వైద్యుల పని.

ఆ నిపుణులసంఘమే మరియొక మంచిమాట చెప్పినది. మార్చుకొనదగిన కారణములు 14 కలవనియు, వానినన్నిటిని సరిదిద్దినచో నూటికి 45 వంతుల మరపువ్యాధిని ఆపుటకో ఆలస్యము చేయుటకో వీలగుననియు దాని యంచనా. చదువు లేమి, చెవుడు, చూపు మాంద్యము, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, పొగ, అతిగా త్రాగుట, నడక లేమి, ఒంటరితనము వానిలోనివి. మా పెదనాన్నగారిని తలచుకొనుడు. చెవి వినబడలేదు, యంత్రము కొనలేదు. చక్కెర యున్నది, చూపింపలేదు. మనుష్యుల నడుమ నుండవలసిన వారిని మేమే గదిలో నుంచితిమి. తైలము మాత్రము తప్పక రాచితిమి. మన దేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి యున్నదని 2023లో ప్రకటింపబడిన అంచనా. ఈ పందిరిక్రింద కూర్చున్నవారిలో నెందరి యిండ్లలో నట్టి లోపలిగది యున్నదో మీ మనస్సులకే తెలియును.

కావున మహాసభవారి యెదుట మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది, మనవారిలో నూనె మిల్లులు గలవారెవ్వరును తమ డబ్బాలమీద "జ్ఞాపకశక్తిని పెంచును" అని అచ్చువేయకుందురు గాక. అట్టి మాటతో సరకు త్వరగా అమ్ముడగును, నిజమే. కాని కల్తీ లేని నూనె యను పేరు తాతలు మన కిచ్చిన యాస్తి. అబద్ధము కూడ కల్తీయే. రెండవది, దాతలు ఏటేట వసతిగృహమునకు ఇచ్చు ధనములో కొంత, వృద్ధులకు చెవి, కన్ను, రక్తపుపోటు, చక్కెర పరీక్షలు చేయించుటకు కేటాయింతురు గాక. మూడవది, మరపు వచ్చిన పెద్దలను వచ్చు వార్షికసభకు వెంట తీసికొనిరండు. వారు పేళ్లు మరచి యుండవచ్చును. ఒకే ప్రశ్న పదిసార్లు అడుగవచ్చును. పదిసార్లు బదులు చెప్పుదము.

మన పిల్లలలో నొకరైనను ఈ శాస్త్రమును చదివి, సుబ్బారావుగారు భాస్వరమును కొలిచినట్లు, సడలుచున్న నాడీసంధిని నిలుపు నుపాయము కనుగొందురేని, గానుగ త్రిప్పిన చేతుల ఋణము తీరును. అంతవరకు మన చేతిలోనున్న పని మనము చేయుదము.

పెదనాన్నగారు మమ్ము గుర్తింపలేని దినములలోను నువ్వులవాసనను గుర్తించిరి. ఏ సంధి యెక్కడ చెక్కుచెదరక నిలిచి వారిచేత ఆ మాట పలికించెనో! ఆ మాటను మీ కప్పగించి సెలవు తీసికొనుచున్నాము.